అమ్మకు స్కానింగు తీసిన రోజు

తొమ్మిదో తరగతిలో ధ్వని పాఠం చెప్పేటప్పుడు మా సైన్సు సారు అతిధ్వని గురించి చెప్పినారు. సెకనుకు 20,000 కంపనాలు దాటిన ధ్వని మన చెవికి వినపడదు, గబ్బిలాలు దాంతోనే దారి చూసుకుంటాయి, ఆసుపత్రిలో కడుపు లోపల ఏముందో చూసేది కూడా దాంతోనే అని. పరీక్షలో అది రెండు మార్కుల ప్రశ్న. నాకు రెండుకు రెండు వచ్చినాయి. ఆ అతిధ్వని మా అమ్మ కడుపు మీదికే వస్తుందని అప్పుడు నేను అనుకోలేదు.

మా అమ్మ రోజాపూల తోటలో కూలికి పోతుంది. మా హోసూరు చుట్టుపక్కల పల్లెల్లో ప్లాస్టిక్ కప్పు వేసిన పెద్దపెద్ద పూల షెడ్లు మీరంతా చూసే ఉంటారు. ఫిబ్రవరి వస్తుందంటే అక్కడ ఊపిరి తిప్పుకునే తీరిక ఉండదు. ప్రేమికుల రోజుకు ఆ పూలు విమానం ఎక్కి పరదేశాలకు పోవాలి. సంక్రాంతి అయినప్పటి నుండి అమ్మకు రాత్రిపూట అన్నం తిన్నాక కుడి డొక్క కింద నొప్పి లేచేది. అక్కడి నుండి వీపు మీదుగా కుడి భుజం దాకా పాకేది. అవ్వ వాయువు అని వాము నీళ్ళు కాచి ఇచ్చేది. అమ్మ తాగి, పక్కకు ఒరిగి పడుకుని, తెల్లవారి ఐదుకే కత్తెర తీసుకుని తోటకు పోయేది. పూల కాలం అయిపోయి, నా పరీక్షలు కూడా అయినాక, మే నెలలో మా ఊరి డాక్టరు దగ్గరికి పోయినాము. ఆయన కడుపుకు స్కానింగు తీయించుకు రమ్మని చీటీ రాసిచ్చినాడు.

బెంగళూరులో ఒక వైద్య కళాశాల ఆసుపత్రిలో ఖర్చు తక్కువ అవుతుందని తోటలో ఎవరో చెప్తే అక్కడికి పోయినాము. మా అక్క కూడా బెంగళూరులోనే చదువుతుంది, వేరే కాలేజీలో. మన బడిలోనే పది దాకా చదివి, ఇప్పుడు ఎక్స్‌రే, సీటీ స్కాన్ లాంటివి తీసే ఇమేజింగ్ టెక్నాలజీ కోర్సు చేస్తోంది. ఆ రోజు అక్కకు ఆసుపత్రి డ్యూటీ పడింది. అందుకని నేను, అమ్మ, అవ్వ ముగ్గురమే బస్సెక్కినాము.

రాత్రి నుండి ఏమీ తినకూడదు, పాలు పోసిన కాఫీ కూడా వద్దు అని ముందే చెప్పినారు. ఎందుకో నాకు అప్పుడు తెలియదు. తర్వాత అక్క చెప్పింది. మనం తినకుండా ఉంటే కాలేయం కింద ఉండే పిత్తాశయం రసంతో నిండి సంచి మాదిరి ఉబ్బి ఉంటుంది. కడుపులోకి కొవ్వు పోయిందంటే అది ముడుచుకుని ఆ రసాన్ని పేగులోకి వదిలేస్తుంది. ముడుచుకున్న సంచిలో ఏముందో ఎట్ల కనిపిస్తుంది? ఇదేమీ తెలియని అవ్వ అత్తిబెలెలో బస్సు ఆగితే బన్ను కొని అమ్మ చేతిలో పెట్టింది. "చిన్న ముక్క తింటే ఏమైతాది, కండ్లు తిరిగి పడతావు" అని. నేను లాక్కుని ఆ బన్ను నేనే తినేసినాను. బెంగళూరు వచ్చేదాకా అవ్వ నాతో మాట్లాడలేదు.

స్కానింగు గది ముందర అరవై మందికి తక్కువ లేరు. గోడ మీద కన్నడంలో, ఇంగ్లీషులో పెద్ద బోర్డు. కడుపులో ఉండేది ఆడో మగో ఇక్కడ చెప్పరు, చెప్పడం చట్టప్రకారం నేరం అని. దాని కిందనే కూర్చున్న ఒక ముసలమ్మ, పక్కన కడుపుతో ఉన్న కోడలిని పెట్టుకుని, వచ్చిన నర్సునంతా ఏదో గుసగుసగా అడుగుతా ఉంది. ప్రతి నర్సూ వేలితో బోర్డు చూపించి పోతా ఉంది.

మా వంతు వచ్చేసరికి పన్నెండున్నర. గది చల్లగా, చీకటిగా ఉంది. తెల్ల కోటు వేసుకున్న ఒక అన్న యంత్రం ముందర కూర్చుని ఉన్నాడు. సన్నగా, కండ్లద్దాలతో, మా అక్క కంటే నాలుగైదేండ్లు పెద్దగా ఉంటాడేమో. అమ్మను పడుకోమని సైగ చేసి హిందీలో ఏదో అడిగినాడు. మన తమిళనాడు బడుల్లో హిందీ లేదు కదా. నేను "నో హిందీ సార్, తెలుగు, తమిళ్, కన్నడ" అన్నాను. ఆయనకు ఆ మూడూ రావు. కన్నడంలో రెండు ముక్కలు మాత్రం నేర్చుకుని ఉన్నాడు. అందుకని నన్ను బయటికి పంపకుండా అక్కడే నిలబెట్టుకున్నాడు. ఆయన ఇంగ్లీషులో అడిగేది, నేను తెలుగులో అమ్మను అడిగేది, మళ్ళీ నా ఇంగ్లీషులో ఆయనకు చెప్పేది. నా ఇంగ్లీషు మన ఇంగ్లీషు టీచరు వినలేదు కాబట్టి సరిపోయింది.

అమ్మ కడుపు మీద చల్లటి జెల్ పూసి, చేతిలో పట్టేంత ప్రోబుతో మెల్లగా ఒత్తడం మొదలుపెట్టినాడు. ఆ జెల్ ఊరికే పూయరు. చర్మానికీ ప్రోబుకూ నడుమ కాస్త గాలి ఉన్నా ధ్వని లోపలికి పోకుండా అక్కడే తిరిగి వచ్చేస్తుందంట. "ఉసిరు హిడ్కొళ్ళి" అన్నాడు. కన్నడంలో ఉసిరు అంటే ఊపిరి. తలుపు పక్కన బల్ల మీద కూర్చున్న అవ్వకు కన్నడం బాగా తెలుసు. అయినా కోపం ఉంది కదా, "ఎవరి ఉసురు పట్టుకోమంటాడే ఈ పిల్లోడు!" అని గట్టిగానే అనింది. అమ్మ నవ్వింది. ఆమె నవ్వితే తెరమీద బొమ్మంతా ఊగిపోయింది. ఆయన మళ్ళీ మొదటి నుండి.

నేను తెరవైపే చూస్తా ఉన్నాను. మొదట అంతా బూడిద రంగు మబ్బు మాదిరి ఉంది. కాసేపటికి ఆ మబ్బు కింద బేరిపండు ఆకారంలో నల్లటి సంచి కనిపించింది. మన జీవశాస్త్రం పుస్తకంలో బొమ్మ గుర్తొచ్చి "పిత్తాశయం!" అన్నాను. ఆయన నా వైపు చూసి "గాల్ బ్లాడర్" అన్నాడు. ఇద్దరం ఒకటే చెప్తున్నామని ఇద్దరికీ అర్థమైంది. నీళ్ళ మాదిరి ఉండేదాని లోపల ధ్వని ఎక్కడా తగలకుండా పోతుంది కాబట్టి రసం నిండిన సంచి నల్లగా కనిపిస్తుంది. అది నాకు తర్వాత తెలిసింది.

అప్పటిదాకా బాగానే ఉంది. కానీ ఐదు నిమిషాలైంది, పది అయింది, ఇరవై అయింది. ఆయన చూసిన చోటే మళ్ళీ చూస్తాడు, బొమ్మ నిలిపి కొలుస్తాడు, తుడిచేస్తాడు, పక్కన పెట్టుకున్న చిన్న పుస్తకం తిరగేస్తాడు. పక్కటెముకల కింద ప్రోబు ఒత్తినప్పుడల్లా అమ్మ పెదవి కొరుక్కుంటా ఉంది. ఆమె రాత్రి నుండి నీళ్ళు కూడా సరిగా తాగలేదు. ఆయన చేయి చూసినాను. మా చిన్న తమ్ముడు కొత్తగా సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నట్టు పట్టుకుని ఉన్నాడు. అప్పుడు నాకు తట్టింది, ఈయన నేర్చుకుంటా ఉన్నాడు. మా అమ్మ మీద.

నాకు కోపం వచ్చేసింది. "సార్, ప్లీజ్ కాల్ బిగ్ డాక్టర్" అన్నాను. గట్టిగానే అన్నాను. బయట వరసలో ఉన్నవాళ్ళకు కూడా వినిపించి ఉంటుంది. ఆయన చెవులు ఎర్రగా అయినాయి. "ఎస్, మేడం విల్ కమ్" అన్నాడు. అంతే, ఇంకేమీ అనలేదు.

మేడం వచ్చినారు. యాభై ఏండ్లుంటాయి. ఆమె వచ్చి ప్రోబు లాక్కుంటారని అనుకున్నాను. అట్ల చేయలేదు. వెనకాల స్టూలు మీద కూర్చుని ఆయన తీసిపెట్టిన బొమ్మలు ఒక్కొక్కటి చూసి, ఏం చూసినావు అని అడిగినారు. ఆయన ఏవో చెప్పి, చివరికి "నో స్టోన్" అన్నాడు. ఆ రెండు మాటలు నాకూ అర్థమైనాయి. మేడం కాసేపు ఆగి, "ఆమెను పక్కకు తిప్పి చూసినావా?" అన్నారు. ఆయన తిప్పలేదు. మేడం అమ్మతో కన్నడంలో ఎడమ పక్కకు తిరగమని చెప్పినారు. ప్రోబు మాత్రం ఆయన చేతిలోనే ఉంది.

అమ్మ తిరిగింది. ఆ నల్లటి సంచి మెడ దగ్గర నుండి తెల్లటి గోలీ ఒకటి దొర్లుకుంటా కిందికి వచ్చింది. నిజంగా గోలీ మాదిరే. దాని వెనకాల తోక మాదిరి ఒక నల్లటి నీడ. రాయిని దాటి ధ్వని పోలేదు, అందుకే దాని వెనక నీడ పడుతుంది. గోడకు అంటుకున్న గడ్డ అయితే మనిషిని తిప్పినా అక్కడే ఉంటుంది, రాయి అయితే దొర్లుతుంది. ఇంతసేపూ అది సంచి మెడలో నక్కి కూర్చుని ఉంది. ఆయన "ఓహ్" అని గాలి వదిలినాడు. కొలిస్తే 11 మిల్లీమీటర్లు. అప్పుడు మేడం ప్రోబు తీసుకుని కాలేయం, మూత్రపిండాలు, ప్లీహం అన్నీ తానే మళ్ళీ ఒకసారి చూసినారు. ఆమెకు ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. కాగితం మీద సంతకం ఆమే పెట్టినారు.

అమ్మ జెల్ తుడుచుకుంటా కన్నడంలో అడిగింది, "ఈ అబ్బాయి ఇంకా చదువుకుంటా ఉన్నాడా మేడం?" అని. అవును, డాక్టరే, ఈ స్కానింగు చదువు మూడేండ్లు, ఇప్పుడు మొదటి ఏడాది అని మేడం చెప్పినారు. అమ్మ తల ఊపింది. నాకు మాత్రం అక్కడే ఒక మాట అడగాలనిపించింది, ఈ విషయం ముందే ఎందుకు చెప్పలేదు అని. పడుకోబెట్టే ముందు "నేను నేర్చుకునేవాడిని, మా మేడం వెనకనే ఉన్నారు, మీకు సరేనా" అని ఒక్క మాట చెప్పి ఉంటే నేను అట్ల అరిచి ఉండేదాన్ని కాదు. ఈ విషయంలో ఇప్పటికీ నాది తప్పని నేను ఒప్పుకోను. అందరి ముందర అన్నది మాత్రం తప్పే. మేము బయటికి వస్తుంటే ఆయన నన్ను ఆపి, జేబులో నుండి చిన్న నోటుపుస్తకం తీసి, ఊపిరి పట్టుకోండి అనేది తెలుగులో ఎట్ల చెప్పాలి అని అడిగినాడు. చెప్పినాను. హిందీ అక్షరాల్లో రాసుకున్నాడు.

బస్సులో అవ్వ ఊరుకోలేదు. "నేర్చుకునేదానికి మీ అమ్మ కడుపే దొరికిందా వాళ్ళకు? దుడ్డున్నోళ్ళ ఇంట్లో వాళ్ళ మీద నేర్చుకోమను చూద్దాం!" ఈ మాటలో నిజం లేకపోలేదు. డబ్బున్నవాళ్ళు ఆ వరసలో కూర్చోరు. అమ్మ కిటికీలో నుండి బయటికి చూస్తా "పోనీలే అత్తా, మన పెద్దది కూడా ఎక్కడో ఎవరి మీదనో ఇట్లే నేర్చుకుంటా ఉంటాది" అనింది. అవ్వ దానికి జవాబు చెప్పలేదు.

ఆ ఆదివారం అక్క ఇంటికి వచ్చింది. అవ్వ కథంతా మొదలుపెట్టి, ఆ పిల్లోడి చేయి ఎట్ల వణికిందో తన చేయి వణికించి చూపించింది. ఎప్పుడూ నవ్వే అక్క నవ్వలేదు. రాగి ముద్ద సగం తిని చేయి కడుక్కుంది. రాత్రి మిద్దె మీద పడుకున్నప్పుడు నాకు చెప్పింది.

అంతకు ముందు వారం అక్క ఎక్స్‌రే గదిలో ఉన్నప్పుడు ఒక తాత మోకాలి నొప్పితో వచ్చినాడంట. ఎక్స్‌రే తీసేటప్పుడు కుడికి ఆర్ అని, ఎడమకు ఎల్ అని సీసపు అక్షరం పక్కన పెట్టాలి. బొమ్మ మీద అది కూడా పడుతుంది. తాత బల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు, అక్క ఆయన కాళ్ళ దగ్గర నిలబడి ఉంది. ఎదురుగా నిలబడితే వాళ్ళ కుడి మనకు ఎడమ వైపు వస్తుంది కదా. అక్క కుడి మోకాలి పక్కన ఎల్ పెట్టేసింది. బొమ్మ చక్కగా వచ్చింది. అక్క సంతోషపడింది కూడా. సీనియర్ టెక్నీషియన్ సారు తెరమీద బొమ్మ చూసి, "ఈ తాతకు నొప్పి ఏ కాలిదమ్మా?" అని మెల్లగా అడిగినాడు. మోకాలి కింద రెండు ఎముకలుంటాయి. సన్నది ఎప్పుడూ బయటి వైపే ఉంటుంది. ఆ సన్న ఎముక ఒక మాట చెప్తుంటే సీసపు అక్షరం ఇంకో మాట చెప్తా ఉంది. ఆయనకు చూడగానే తెలిసిపోయింది. తాత ముందర ఒక్క మాట అనలేదు. చీటీ తెప్పించి, తాతనే కాలు చూపించమని అడిగి, బొమ్మ మీద గుర్తు సరిచేయించి, తప్పుల పుస్తకంలో అక్క చేతనే రాయించినాడు. తాత పోయినాక మాత్రం, "ఆపరేషన్ చేసే డాక్టరు నీ అక్షరాన్ని నమ్ముతాడు" అన్నాడంట.

"నన్ను ఎవరైనా అప్పుడు అందరి ముందర పెద్దవాళ్ళను పిలవండి అని ఉంటే, మళ్ళీ ఆ గదిలోకి పోయి ఉండేదాన్ని కాదు" అనింది అక్క. నేను దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను.

అక్కకు నిజానికి స్కానింగు అంటేనే ఇష్టం. కానీ వాళ్ళకు దాన్ని చూడనిస్తారు, పట్టనివ్వరు. ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియాల్లో డాక్టరు కాకపోయినా సోనోగ్రాఫర్ అని దానికే చదువుకుని, ఆసుపత్రిలో పెద్దవాళ్ళ కండ్ల ముందర నెలల తరబడి చేసి నేర్చుకున్నవాళ్ళు స్కానింగు తీస్తారు. మన దేశంలో అది డాక్టర్ల పని. కడుపులో ఆడపిల్ల అని తెలిస్తే తీయించేసేవాళ్ళు ఎక్కువై 1994లో చట్టం తెచ్చినారు. ఎవరు ఆ యంత్రం వాడవచ్చో కూడా అందులోనే కట్టుదిట్టం చేసినారు. ఎంబీబీఎస్ చదివిన డాక్టరు అయినా గర్భిణులకు స్కానింగు చేయాలంటే ఆరు నెలలు, 300 గంటలు శిక్షణ పొందాలని 2014లో నియమాలు వచ్చినాయి. "ఆ ముసలమ్మ లాంటివాళ్ళ వల్లనే నా చేతికి ప్రోబు రాలేదు" అనింది అక్క. నిష్ఠూరంగా అనిందో తమాషాకు అనిందో చీకట్లో తెలియలేదు.

ఇంకో తేడా కూడా చెప్పింది. స్కానింగులో ఉండేది ధ్వని మాత్రమే, ఎక్స్‌రే కిరణాలు కావు. అందుకే ఆ అన్న ఇరవై నిమిషాలు వెతకగలిగినాడు. ఎక్స్‌రేలో అట్ల కుదరదు. నేర్చుకునేదానికని మనిషి మీద ఊరికే ఒక్కసారి కూడా మీట నొక్కకూడదు. అందుకని వాళ్ళు ఒకరినొకరు బల్ల మీద పడుకోబెట్టుకుని, కాలూ చేయీ ఎట్ల పెట్టాలో మాత్రం నేర్చుకుంటారు. అప్పటి నుండి అక్క ఇంటికి వచ్చినప్పుడల్లా నేనే పేషెంటును. నా రెండు మోకాళ్ళ మీద సుద్దముక్కతో ఆర్, ఎల్ రాసి, మంచం మీద తిప్పి తిప్పి పెడుతుంది. అవ్వ చూసి, "దానికి లేని రోగం తెప్పిస్తావా" అని తిడుతుంది. మొన్న మాత్రం అక్క అడగకుండానే తన చేయి చాపి, "నా మణికట్టు పెట్టి చూడు" అనింది.

బడి తెరిచినాక సైన్సు సారుతో ఇదంతా చెప్పినాను. "మొదట్లో ఈ స్కానింగు చేసినవాళ్ళు ఎవరి మీద నేర్చుకున్నారు సార్? వాళ్ళకు నేర్పేవాళ్ళు లేరు కదా" అని అడిగినాను. సారు మరుసటి రోజు చదువుకుని వచ్చి చెప్పినారు. స్కాట్లండులో గ్లాస్గో ఊరిలో ఇయాన్ డొనాల్డ్ అనే ప్రసూతి డాక్టరు 1955లో, ఆపరేషన్లలో తీసిన గడ్డలను కారులో వేసుకుని బాయిలర్లు చేసే ఫ్యాక్టరీకి పోయినాడంట. ఇనుములో పగుళ్ళు కనిపెట్టే యంత్రం అక్కడ ఉండేది. ఆ గడ్డల మీద, పోల్చుకునేదానికి ఒక మాంసం ముక్క మీద దాన్ని పెట్టి చూసినాడు. 1958లో దాని గురించి లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసినారు. నయం కాని కాన్సరు అనుకున్న ఒక ఆమెకు ఈ యంత్రంతో చూస్తే అది నీటి గడ్డ అని తేలిందంట, తీసేస్తే బాగైపోయింది. తరగతిలో అందరూ మాంసం ముక్క దగ్గరే నవ్వినారు.

జూలైలో ఆపరేషన్‌కు ముందు అమ్మకు మళ్ళీ స్కానింగు అన్నారు. అదే గది, అదే చీకటి. అదే అన్న. నన్ను చూసి గుర్తుపట్టినాడు. ఈసారి అమ్మ పడుకోక ముందే నాతో ఇంగ్లీషులో, నేను స్టూడెంటును, మేడం పక్క గదిలో ఉన్నారు, ముందు నేను చూడవచ్చా అని అమ్మను అడగమన్నాడు. అడిగినాను. అమ్మ "కానీ నాయనా" అనింది. ఈ మాటకు అనువాదం అక్కర్లేకపోయింది.

ప్రోబు పెట్టినాడు. చేయి పోయినసారి మాదిరి లేదు. ఎవరూ చెప్పకుండానే అమ్మను ఎడమ పక్కకు తిరగమని సైగ చేసినాడు. గోలీ దొర్లింది. అప్పుడు జేబులో నుండి నోటుపుస్తకం తీసి ఒకసారి చూసుకుని, "ఊపిరి పట్టుకోండీ" అన్నాడు. యాస వేరేగా ఉన్నా స్పష్టంగానే ఉంది. అమ్మ గట్టిగా పట్టుకుంది. ఆయన బొమ్మ నిలిపి కొలవడంలో మునిగిపోయినాడు. ఒక బొమ్మ, ఇంకో బొమ్మ. అమ్మ చెంపలు ఉబ్బి, మొహం ఎర్రబడతా ఉంది. చేయి నా వైపు ఆడిస్తా ఉంది. అప్పుడు నాకు తెలిసింది, ఆ రోజు ఆయనకు నేను ఒక్క మాటే చెప్పినాను.

"వదులు మా!" అని అరిచినాను.

అమ్మ బుస్సుమని వదిలింది. తెరమీద అంతా మళ్ళీ మబ్బు అయిపోయింది. ఆయన గాభరాగా నోటుపుస్తకం నా ముందర పెట్టి, ఆ రెండో మాట కూడా చెప్పమన్నాడు.